సినిమా బాగోలేదా, బొమ్మ బాగోలేదా? విశాఖ థియేటర్ల వారికి బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని సినిమా థియేటర్లు, మల్టీప్లెక్సుల యజమానులకు, మేనేజర్లకు, ముఖ్యంగా ప్రొజెక్షన్ బూత్ బాధ్యత చూసే ఆపరేటర్లకు,

నమస్కారం.

ఈ మధ్య చూసిన సినిమాల గురించి జనం ఏమనుకుంటున్నారో ఒక్కసారి చెవిన వేసుకోండి. "కథ బాగుంది గానీ నైట్ సీన్లలో ఏమీ కనపళ్లేదు." "పాటలు అదిరాయి, డైలాగులు సగం అర్థం కాలేదు." "పాత సినిమా మళ్లీ వేశారు కదాని వెళ్తే హీరో తల తెగిపోయి కనపడింది." ఇవన్నీ సినిమా మీద తీర్పులుగా చలామణీ అవుతున్నాయి. పాపం, తిట్లు తినేది కెమెరామన్, సౌండ్ మిక్సింగ్ చేసినవాళ్లు. మాకు తెలిసినంతలో ఈ మూడు ఫిర్యాదులూ చాలాసార్లు సినిమావి కావు, బూత్‌వి. అదే సినిమా కొన్ని వారాలకి ఓటీటీలో వస్తుంది, ఇంట్లో మామూలు టీవీలో చూస్తే ఆ రాత్రి సీన్లు స్పష్టంగా కనిపిస్తాయి. అలా చూసినవాడు తర్వాతి సినిమాకి థియేటర్ మెట్లెక్కడు. టిక్కెట్ రేటు వల్లే జనం రావడం లేదనుకుంటున్నారు గానీ, ఇదీ ఒక కారణమేనని మా గట్టి నమ్మకం.

థియేటర్ పేరే కూడలి పేరైపోయిన ఊరు మనది. జగదాంబ సెంటర్ అంటే సినిమా చూడనివాళ్లకీ దారి తెలుస్తుంది. సినిమాని అంతగా నెత్తిన పెట్టుకున్న ఊరు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాం.

మొదట వెలుతురు సంగతి. డిజిటల్ సినిమాకి తెర మధ్యలో తెలుపు 14 ఫుట్‌లాంబర్ట్‌లు, అంటే చదరపు మీటరుకి 48 కాండెలాలు ఉండాలన్నది ప్రమాణం (రెండూ తెర మీద వెలుగు కొలిచే యూనిట్లే). కలరిస్ట్ రంగులు దిద్దేది ఆ వెలుగు చూసుకునే. హాల్లో 11 నుంచి 17 మధ్య ఉన్నా సరిపెట్టుకోవచ్చు. 11 కంటే దిగిందంటే ముందు పోయేవి నీడలు. తెల్లచొక్కా, పగటి సీను, పాటలో సెట్టు బాగానే కనిపిస్తాయి కాబట్టి బూత్ అద్దంలోంచి చూసే ఆపరేటర్‌కి లోటు తెలియదు. వానలో చీకటి సందు, లాంతరు వెలుగులో చామనచాయ మొహం, నల్లకోటు మీద మడతలు మాత్రం ఒకే నల్లముద్దగా మారిపోతాయి. ఈ మధ్య తెలుగులో మంచి ఛాయాగ్రహణం అని మేం మెచ్చుకుంటున్న పనంతా సరిగ్గా అక్కడే ఉంది.

లెక్క చూద్దాం. 40 అడుగుల వెడల్పున్న స్కోప్ తెరకి, అంటే వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లుండే తెరకి, ఎత్తు 17 అడుగుల లోపు, వైశాల్యం దాదాపు 670 చదరపు అడుగులు. మామూలు తెల్ల తెరైతే 14తో గుణించండి: తెర మీదకి సుమారు 9,400 లూమెన్లు (లూమెన్ అంటే మొత్తం వెలుగుకి కొలత) చేరాలి. స్కోప్ బొమ్మ ప్రొజెక్టర్ చిప్‌లో 1,080 వరసలకి గాను 858 వరసలే వాడుకుంటుంది. అంటే ఐదోవంతు వెలుగు అక్కడే పోతుంది. అందుకని ప్రొజెక్టర్ నుంచి దాదాపు 11,800 లూమెన్లు రావాలి. మధ్యలో బూత్ అద్దం మామూలు కిటికీ అద్దమైతే ఒక్కో ముఖం దగ్గర 4 శాతం చొప్పున మొత్తం 8 శాతం తినేస్తుంది, కాబట్టి 12,800కి పైమాటే. కొన్నప్పుడు ఈ లెక్క వేసే మెషిన్ కొంటారు. కొత్తలో బాగానే ఉంటుంది. తర్వాతే కథ మొదలవుతుంది.

ప్రొజెక్టర్లో వెలుగుకి జినాన్ గ్యాసు లాంప్ ఉన్నచోట, కంపెనీ చెప్పిన గంటలు నిండిపోయినా లాంప్ వెలుగుతూనే ఉంటుంది. చిక్కంతా అదే. ఆరిపోలేదు కదాని మార్చరు. గాజు లోపలి వైపు నల్లబడుతూ వెలుగు తగ్గుతుంది. పైగా లోపల గ్యాసు మంచి ఒత్తిడిలో ఉంటుంది, గంటలు దాటిన లాంప్ పేలిందంటే రిఫ్లెక్టర్ కూడా పోతుంది. మిగిల్చిన డబ్బుకి రెండింతలు వదులుతుంది. కరెంటు బిల్లు కోసం ఆంపియర్లు దించి నడపడం ఇంకో అలవాటు. జినాన్ లాంప్‌కి కనీస కరెంటు అంటూ ఒకటుంది. దానికి దిగువన నడిపితే ఆర్క్ (ఎలక్ట్రోడ్ల మధ్య వెలిగే మెరుపు) నిలకడగా ఉండదు, బొమ్మ వణుకుతుంది, ఎలక్ట్రోడ్లు అరుగుతాయి. లేజర్ ప్రొజెక్టర్లకి లాంప్ గొడవ లేదు గానీ వాటి వెలుగూ వేల గంటల మీద మెల్లగా తగ్గుతుంది. లేజర్ కదాని కొలవడం మానేస్తే అదీ అంతే.

బూత్ అద్దం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది పైసా ఖర్చు లేని పని. బూత్ వైపు ముఖాన్ని ఆపరేటర్ తుడుస్తాడు. హాలు వైపు ముఖం నేల నుంచి అందదు, నిచ్చెన వేయాలి, కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. సముద్రపు ఉప్పుగాలి, ఊళ్లో దుమ్ము కలిసి సన్నటి జిడ్డు పొర కడుతుంది. షో లేనప్పుడు టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి, పొర తెల్లగా కనిపిస్తుంది. ఆ పొర వెలుగు తగ్గించడంతో ఊరుకోదు, కాంతిని చెదరగొట్టి నలుపుని బూడిదరంగు చేస్తుంది. తుడిచేముందు దుమ్ముని బ్లోయర్‌తో ఊదేయాలి. తర్వాత నూగు రాలని మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి ఒకే దిశలో తుడవాలి. ద్రావణం నేరుగా అద్దం మీద చల్లకండి. పాత న్యూస్‌పేపర్‌తో రుద్దడం కోటింగ్ ఉన్న అద్దానికి పనికిరాదు, గీతలు పడతాయి. రెండు వారాలకొకసారి చాలు.

త్రీడీ సినిమా దిగిపోయి మామూలు సినిమా పడ్డాక ప్రొజెక్టర్ ముందున్న పోలరైజర్ ఫిల్టర్ (త్రీడీలో రెండు కళ్ల బొమ్మల్ని వేరుచేసేది) అక్కడే ఉండిపోవడం మరో పెద్ద తప్పు. ఆ ఫిల్టర్ సగానికి పైగా వెలుగు మింగేస్తుంది. పక్కకి జరపడానికి నిమిషం పట్టదు. త్రీడీ కోసం వేసిన సిల్వర్ స్క్రీన్ ఉన్న హాళ్లలో ఇంకో ఇబ్బంది: మధ్యలో వెలుగు మండిపోతుంది, పక్క సీట్లలో కూర్చున్నవాళ్లకి తెర అవతలి అంచు చీకటిగా కనిపిస్తుంది. అంచుల్లో వెలుగు మధ్యలో ఉన్నదానికి కనీసం 75 శాతం ఉండాలి. ఏడాదిలో త్రీడీ ఆడేది ఒకటీ అరా అయితే, తెర మార్చే రోజు వచ్చినప్పుడు తెల్ల తెరే వేయండి.

తెర వెలుగు కొలిచే మీటర్ ఖరీదెక్కువ, ప్రతి హాలూ కొనలేదు, నిజమే. కానీ సర్వీస్ ఇంజినీర్ దగ్గర ఉంటుంది. మెయింటెనెన్స్‌కి వచ్చినప్పుడు తెల్లటి టెస్ట్ ప్యాటర్న్ వేయించి, లైట్లన్నీ ఆర్పించి, తెర నుంచి హాలు పొడుగులో మూడింట రెండు వంతుల దూరంలో ఉన్న మధ్య సీట్లోంచి తెర మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు రీడింగులు తీయించండి. పనికి ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది రిపోర్టులో అంకెలతో రాయిస్తేనే సంతకం పెట్టండి. "చెక్ చేశాం, ఓకే" అన్న రిపోర్టు చెల్లదని ముందే చెప్పండి. ఫోన్లో లక్స్ యాప్ తెరకేసి చూపిస్తే వచ్చే అంకె దీనికి పనికిరాదు.

ఇక తలలు తెగే సంగతి. థియేటర్‌కి వచ్చే సినిమా ముఖ్యంగా రెండు ఆకారాల్లో ఉంటుంది. ఫ్లాట్ అంటే ఎత్తుకి 1.85 రెట్లు వెడల్పు, 1,998 బై 1,080 పిక్సెళ్లు. స్కోప్ అంటే 2.39, 2,048 బై 858. ఒక్కోదానికి లెన్స్ జూమ్, షిఫ్ట్, ఫోకస్, తెర చుట్టూ నల్లగుడ్డ వేరుగా సెట్ చేసి బటన్ కింద దాచుకోవాలి. ఫ్లాట్ సినిమాని స్కోప్ బటన్ మీద నడిపితే బొమ్మ పైనా కిందా తెర దాటిపోతుంది: పైన నుదుళ్లు పోతాయి, కింద సబ్‌టైటిల్ పోతుంది. స్కోప్ సినిమాని ఫ్లాట్ బటన్ మీద నడిపితే పైనా కిందా నల్లపట్టీలు, పక్కల రవ్వంత కోత. సినిమా ఫైల్ పేరులోనే ఎఫ్ అనో ఎస్ అనో రాసి ఉంటుంది, అది చూసి ప్లేలిస్టులో సరైన క్యూ, అంటే మెషిన్ తనే ఆ సెట్టింగ్‌కి మారే ఆదేశం, పెట్టడమే పని. అదే పేరులో భాష, సబ్‌టైటిల్, సౌండ్ ఎన్ని చానెళ్లది, 5.1నా 7.1నా అన్నది కూడా ఉంటుంది. సినిమా ఎక్కించిన రాత్రే ఈ నాలుగూ చదివి కాగితం మీద రాసి బూత్‌లో అంటించే పద్ధతి ఉన్న హాళ్లలో ఈ తప్పు జరగదు.

రీ-రిలీజ్‌ల జోరు మీదున్న కాలం కాబట్టి ఇంకో మాట. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు, మన మన్యంలో చింతపల్లి వైపు తీసింది. అంటే అంతకుముందు తీసిన తెలుగు సినిమా ఏదీ స్కోప్ కాదు. వాటి అసలు బొమ్మ 1.37, దాదాపు పాత టీవీ ఆకారం. దాన్ని ఫ్లాట్ చట్రంలో సుమారు 1,480 పిక్సెళ్ల వెడల్పున మధ్యలో ఉంచి, రెండు పక్కలా నలుపు వదిలేయాలి. తెర నిండలేదని జూమ్ చేస్తే మహానటుల నాట్యంలో పాదాలు పోతాయి, క్లోజప్‌లో కిరీటం పోతుంది. పక్కన నలుపు ఉంటే జనం గొడవ చేస్తారన్న భయం అక్కర్లేదు. ఆట మొదలయ్యేముందు "ఇది ఆ రోజుల్లో తీసిన కొలతే" అని ఒక్క స్లైడ్ వేయండి, అర్థం చేసుకుంటారు.

ఫోకస్ గురించి క్లుప్తంగా. మెషిన్ ఆన్ చేసిన వెంటనే ఫోకస్ పెట్టకండి, లెన్స్ వేడెక్కాక అది కదులుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి టెస్ట్ ప్యాటర్న్ వేసి చూడాలి. బూత్‌లోంచి కాదు, ఒకరు తెర దగ్గర నిలబడి చెబుతుంటే ఇంకొకరు సరిచేయాలి. మధ్యలో బాగుండి మూలలు మసకబారితే అది ఫోకస్ లోపం కాదు, లెన్స్ బిగింపులో తేడా. ఇంజినీర్‌ని పిలవాల్సిందే.

సౌండ్ దగ్గర మా బాధ ఎక్కువ.

సినిమా మిక్స్ చేసే గదిలో తెర వెనక ఒక్కో చానెల్ పింక్ నాయిస్‌కి (స్పీకర్లు పరీక్షించే హోరు శబ్దం) 85 డెసిబెల్ వచ్చేలా పెట్టుకుంటారు, 5.1లో పక్క గోడల మీది సరౌండ్ స్పీకర్లకి ఒక్కో వైపు 82. హాల్లో సినిమా ప్రాసెసర్ ఫేడర్, అంటే సౌండ్ పెంచే తగ్గించే మీట, 7 మీద ఉన్నప్పుడు ఆ స్థాయి రావాలి. ఇప్పుడు 7 మీద నడిపే హాలు అరుదు. ఎవరో చెవులు మూసుకున్నారని 5కి దించుతారు. ఆ ఫేడర్ మీద 4కి పైన ఒక్కో అంకె 3.3 డెసిబెల్. 7 నుంచి 5కి దించితే దాదాపు 6.7 డెసిబెల్ పోయినట్టు, స్పీకర్‌కి వెళ్లే పవర్ అయిదోవంతుకి పడిపోయినట్టు. 4కి దించితే పదోవంతే. ఫైట్లు అప్పటికీ వినిపిస్తాయి. గొంతు తగ్గించి చెప్పే మాట మాత్రం ఏసీ హోరులో, పాప్‌కార్న్ కవర్ల గలగలలో కలిసిపోతుంది. హాళ్లు తగ్గిస్తాయని తెలిసి మిక్సింగ్ చేసేవాళ్లు మరింత పెంచుతారు, అది విని హాళ్లు ఇంకా తగ్గిస్తాయి. ఇద్దరి మధ్యా నలిగిపోయేది డైలాగే.

దీనికి మేం అడిగేది 7 మీదే పెట్టమని కాదు. నిజంగా చెవులు చిల్లులు పడేలా మిక్స్ చేసిన సినిమాలున్నాయి, వాటికి 6 సబబే. కానీ ఆ అంకె నిర్ణయించేది రిలీజ్‌కి ముందు రాత్రి హాల్లో కూర్చుని విన్న మనిషి కావాలి, సినిమాలో నెమ్మదిగా మాట్లాడుకునే సీను వేసి విని తేల్చాలి. ఫైటు విని కాదు. ఆ అంకెని ప్లేలిస్టులో ఆ సినిమాకే క్యూగా పెట్టేయాలి. ఎందుకంటే చాలాసార్లు జరిగేది ఇది: యాడ్లు మోతగా ఉన్నాయని ఫేడర్ 4కి దించుతారు, సినిమా మొదలయ్యాక పెంచడం మరిచిపోతారు. యాడ్లకి ఒక అంకె, సినిమాకి ఒక అంకె క్యూలో ఉంటే మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

సౌండ్ తగినంత ఉన్నా మాట అర్థం కాకపోతే సెంటర్ స్పీకర్‌ని అనుమానించండి. తెర వెనక ఎడమ, మధ్య, కుడి మూడు స్పీకర్లుంటాయి, డైలాగ్ దాదాపు అంతా మధ్య దాంట్లోంచే వస్తుంది. రోజుకి నాలుగైదు ఆటలు పని చేసేది అదే కాబట్టి ముందు పోయేదీ అదే. అందులో పైన సన్నటి శబ్దాలు పలికే హార్న్‌కి ఉండే డ్రైవర్ డయాఫ్రం (కంపించే పల్చటి పొర) పగిలితే స్పీకర్ ఆగిపోదు, కింది ఊఫర్ మోగుతూనే ఉంటుంది. మాట వినిపిస్తుంది గానీ 'స', 'శ', 'చ', 'ట'ల పదును పోతుంది, దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు ఉంటుంది. కనిపెట్టడం తేలిక. హాలు మధ్యలో కూర్చుని ఎడమ, మధ్య, కుడి చానెళ్లకి వరసగా పింక్ నాయిస్ వేయించండి. మూడూ ఒకే రకం 'ష్‌ష్‌' అనాలి. మధ్యది మొద్దుగా ఉంటే తెర వెనక్కి వెళ్లి హార్న్ దగ్గర చెవి పెట్టండి. శబ్దం లేకపోతే ముందు తీగ, కనెక్టర్ చూడండి, మన ఊరి ఉప్పుగాలికి అవి తుప్పు పడతాయి. అవి బాగుంటే ఆంప్లిఫయర్ చానెల్ మార్చి చూడండి. అప్పటికీ లేకపోతే డయాఫ్రం మార్చాలి. స్పీకర్ మొత్తం కొనక్కర్లేదు, ఆ మోడల్ డయాఫ్రం ఒక్కటీ తెప్పిస్తే చాలు. సి-వెయిటింగ్ (బరువైన శబ్దాలనీ పెద్దగా తగ్గించకుండా కొలిచే పద్ధతి) ఉన్న సౌండ్ మీటర్ కొన్ని వేల రూపాయల్లోనే దొరుకుతుంది, ఇది మాత్రం ప్రతి హాల్లో ఉండి తీరాలి.

మాట పోవడం అంటే మనకి ఎంత నష్టమో చూడండి. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం మన ఊళ్లోనే, ఎక్కువమంది ఇక్కడి మనుషులతోనే తీసిన సినిమా. నటనలో పేరున్నవాళ్లు లేరు, సెట్లు లేవు, ఉన్నదల్లా మనుషులూ వాళ్ల యాసా. అలాంటి సినిమాలు ఇప్పుడు ఉత్తరాంధ్ర నుంచి ఇంకా రావాలని కోరుకుంటున్నాం. ఆ యాసలో వేగం ఎక్కువ, మాట చివర్లు మింగేస్తారు. సెంటర్ హార్న్ పోయిన హాల్లో శ్రీకాకుళం యాస విన్న బయటివాడికే కాదు, గాజువాకవాడికీ అర్థం కాదు. అప్పుడు "స్లోగా ఉంది, బోరు కొట్టింది" అంటాడు. ఆ మాట విన్న నలుగురు రారు, రెండోవారానికి సినిమా ఎత్తేస్తారు.

సరౌండ్‌లు గోడ పొడుగునా ఒక్కోదాని కింద నిలబడి వింటే చచ్చినవి తెలిసిపోతాయి. సబ్‌ఊఫర్ మోగినప్పుడు సీలింగ్ పలకలు, లైటు మూతలు గడగడలాడే హాళ్లున్నాయి, వాటికి కావలసింది స్క్రూలూ రబ్బరు వాషర్లూ.

ఇంటర్వెల్ విషయానికి వస్తే, తెలుగు సినిమాకి దర్శకుడే చోటు పెడతాడు, గొడవ లేదు. ఇంగ్లీషు, జపనీస్ సినిమాలకే అన్యాయం జరుగుతోంది: మాట మధ్యలో, పాట మధ్యలో, ఒక్కోసారి మనిషి చేయెత్తగానే ఆపేస్తున్నారు. నిడివిని సగం చేసి ఆ నిమిషం దగ్గర పాజ్ పెట్టడం వల్ల వచ్చే తంటా ఇది. సగానికి అటూ ఇటూ పది నిమిషాలు చూసి, ఒక సీను పూర్తయి తెర చీకటయ్యే చోటు ఎంచుకుని ఆ టైమ్‌కోడ్ రాసుకోండి. పంపిణీదారు సూచించిన చోటు ఉంటే అదే వాడండి. ఇంటర్వెల్ తర్వాత లైట్లు పూర్తిగా ఆరాకే బొమ్మ మొదలవ్వాలి, తినుబండారాలు అందించే పిల్లలు తలుపు తెరిచి నిలబడకుండా చూడాలి. చివర్లో పేర్లు మొదలవగానే అన్ని లైట్లూ వేసేయకండి, నడవడానికి చాలినంత వెలుగు చాలు. ఆ పేర్ల కోసం కూర్చునే మనుషులు మన ఊళ్లో ఉన్నారు.

సబ్‌టైటిల్ ఆటలు కూడా అడుగుతున్నాం. తూర్పు నౌకాదళం, ఉక్కు కర్మాగారం, యూనివర్సిటీలు ఉన్న ఊరు. తెలుగు రానివాళ్లు వేలల్లో ఉన్నారు, మన సినిమా చూడాలని వాళ్లకీ ఉంటుంది. చాలా పెద్ద సినిమాలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్ వెర్షన్ తయారుగానే ఉంటుంది, దానికి వేరే కీ (ఆ ఫైల్ తెరిచే డిజిటల్ తాళంచెవి) అడగాలి, అంతే. వారంలో ఒక ఆట అలా వేసి, టిక్కెట్ బుకింగ్‌లో ఆ సంగతి రాయండి. వినికిడి లోపం ఉన్నవాళ్లకీ అది ఆసరా. వినికిడి, చూపు లోపం ఉన్న ప్రేక్షకుల కోసం థియేటర్లలో ఏర్పాట్లు ఉండాలని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది కూడా.

బూత్‌లో ఒక్క మనిషే మూడు నాలుగు తెరలు చూసుకుంటున్న సంగతి మాకు తెలుసు. అందుకే ఈ తప్పులకి ఆపరేటర్లని నిందించడం లేదు. వాళ్లకి శిక్షణా, సామానూ, సమయమూ ఇవ్వాల్సింది యజమానులు. మెషిన్ తనంతట తనే మొదలెట్టి తనే ఆపేస్తున్నప్పుడు ఏదైనా తేడా వస్తే చూసేవాళ్లే ఉండరు. కాబట్టి ప్రతి ఆటకీ సినిమా పడ్డాక మొదటి పది నిమిషాలు ఒక ఉద్యోగి హాల్లో నిలబడి చూడాలి: ఆకారం సరిగ్గా ఉందా, ఫోకస్ ఉందా, మాట వినపడుతోందా, లైట్లన్నీ ఆరాయా. వారానికొకసారి మార్నింగ్ షోకి ముందు మూడు చానెళ్ల పింక్ నాయిస్ వినాలి. మూడు నెలలకొకసారి వెలుగు కొలిపించాలి.

ఇంకొక్కటి. ఆట మధ్యలో బొమ్మ చెడితే ఎవరికి చెప్పాలో ప్రేక్షకుడికి తెలియదు. లేచి వెళ్లి టార్చిలైటు కుర్రాడికి చెబితే అతను మేనేజర్‌ని వెతుక్కుంటాడు, ఈలోపు సినిమా అయిపోతుంది. బూత్‌లో మోగే ఫోన్ నంబరు ఒకటి హాలు గుమ్మం దగ్గరా, సినిమాకి ముందు వేసే స్లైడ్‌లోనూ పెట్టండి. హాలు నంబరు, సీటు నంబరు, ఏమైందో మూడు ముక్కల్లో మెసేజ్ పెడతాం. ఈ వారం నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
విశాఖలో సినిమాలు చూసే కొందరు ప్రేక్షకులం